గడ్డ కట్టని క్యాబేజీ

ఆ ఏడు కనుమ మీద మంచు ముందే పడింది. పొద్దున లేచి చూస్తే కొండలు నడుము దాకా తెల్లబడి ఉన్నాయి. గాలి పోప్లర్ చెట్లను పట్టి కుదిపి, ఆకుల్ని గుప్పెళ్లతో నారిన్ ఏట్లోకి విసురుతోంది. మా ఊళ్లో కోతలన్నీ అయిపోయాయి. కోత అయిన పొలం ఊరి పశువులది, అక్కడ ఎవరి మంద దిగినా అడగకూడదు. పచ్చగా మిగిలింది మా క్యాబేజీ ఒక్కటే.

మేం యూరియా వేయం. రాజధాని బిష్కెక్‌లో వ్యవసాయం చదివి వచ్చాక నేను పెట్టిన పద్ధతి అది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే కాబట్టి అమ్మా, అన్న తాలాయ్ నా మాట విన్నారు. పెంట మీద పెరిగిన క్యాబేజీకి రుచి ఉంటుంది, తొందర ఉండదు. గడ్డ గట్టిపడటానికి ఇంకో వారం కావాలి. మెత్తటి గడ్డల్ని పట్నం వ్యాపారి ముట్టుకోడు. ఆ పంట పోతే మాకు చలికాలం గడవదు.

ఆ పెంట ఇచ్చేది సాదిర్‌బెక్ బాబాయ్. పోయిన నాన్నకు స్నేహితుడు, గొర్రెల కాపరి. తన దొడ్లో చలికాలమంతా పేరుకున్న పెంటను వసంతంలో మా పొలానికి తోలతాడు. బదులుగా ఆకులు రాలే కాలంలో మా మోళ్లు మేపుకుంటాడు.

మధ్యాహ్నానికి ఆయన మంద దిగింది. ముందు తన ఎర్ర గుర్రం మీద ఆయన, వెనక ఆకలికి డొక్కలు అంటుకుపోయిన గొర్రెలు, వాటి వెనక మంచు. తాలాయ్ గడ్డి ఎత్తే ఇనుప పంగలకర్రతో కాలువ గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. పక్కన నేను పార పట్టుకుని.

"ఏరా, మీ క్యాబేజీ ఇంకా తల్లిపాలు మానలేదా?" అన్నాడు బాబాయ్.

"ఇంకో వారం పడుతుంది. మందను ఏటి వైపు తిప్పు బాబాయ్."

"అక్కడ రాళ్లున్నాయి. నువ్వు మేస్తావా రాళ్లు? ఊళ్లో మోళ్లన్నీ ముందొచ్చిన మందలు నాకేశాయి. నా వంతు ఇదే." నా వైపు తిరిగాడు. "ఏమ్మా చదువులమ్మా, ఆగి పడమని మంచుకు కూడా ఓ పాఠం చెప్పకపోయావా?"

"చెల్లినేం అనకు."

"అంటే ఏం చేస్తావురా, ఆ కర్రతో పళ్లు కుట్టుకుంటావా?"

గొర్రెలకు పచ్చాకు వాసన తగిలింది. ఒక పొట్టేలు కాలువ దూకింది. తాలాయ్ కర్ర తిప్పి దాని నెత్తిన కొట్టాడు. అది మోకాళ్ల మీద కూలింది. అదే క్షణం బాబాయ్ కొరడా దిగింది. అన్న చెంప చెవి నుంచి పెదవి దాకా చీలింది. లోపలి పళ్లు కనిపించాయి. రక్తం చిమ్మి కళ్లల్లో పడితే అన్న చూడకుండానే పొడిచాడు.

పంగలు గుర్రం పొట్టలోకి పోయాయి. అది నిలువునా లేచి, కర్ర వేలాడుతుండగానే మా సాళ్ల మీద పడింది. బాబాయ్ పక్కకు దూకాడు. పడ్డ గుర్రం కాళ్లు కొట్టుకుంటూ పేగులతో పాటు గడ్డల్ని చిదిమేసింది. మంద మొత్తం లోపలికి విరుచుకుపడింది. నేను పారతో అందినదాన్నల్లా బాదాను. ఒక గొర్రె కాలు విరిగిన చప్పుడు నా చేతికి తెలిసింది.

అమ్మ ఇంట్లోంచి క్యాబేజీ కోసే కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. బాబాయ్‌ను పొడుస్తుందనుకున్నాను. కత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ముందు దాని బాధ తీర్చు."

ఆయన బిస్మిల్లా అని గుర్రం గొంతు కోశాడు. రక్తం సాళ్లలో పొగలు కక్కుతూ పారింది. లేచి, అదే కత్తితో అన్న మీదికి వచ్చి గల్లా పట్టుకున్నాడు.

"పంట పోయింది. గుర్రం పోయింది," అంది అమ్మ. "ఇక వీణ్ణి కూడా పంపించెయ్. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది నువ్వేగా, తీసుకెళ్లేదీ నువ్వే."

ఆయన చెయ్యి వదిలింది. గొర్రెల్ని కొట్టుకుంటూ, బూతులు తిడుతూ బయటికి తోలాడు. అప్పటికి సగానికి పైగా తినేశాయి. మిగిలిన మెత్తటి గడ్డల్ని పడుతున్న మంచులోనే కోశాం, తొట్టెల్లో ఉప్పేసి ఊరబెట్టడానికి.

గుర్రాన్ని అక్కడే ముక్కలు చేశాడు బాబాయ్. మా ఆచారం ప్రకారం ఎవరి పొలంలో కోస్తే ఆ ఇంటికి వాటా ఇవ్వక తప్పదు. పక్కటెముకలు గట్టు మీద పడేసి, "వదినా, ఇది మీది. ప్రేమ కొద్దీ ఇస్తున్నానని అనుకోకు," అన్నాడు.

"అనుకోనులే," అంది అమ్మ. తీసుకుంది.

తాలాయ్ చెంపకు నర్సు కుట్లు వేసి పంపింది. రాత్రి అమ్మ ఆ మాంసం వండి గిన్నె ముందు పెడితే పక్కకు నెట్టేశాడు.

"నేను తినను."

"తిను. ఈ మాంసం తినని ఇంటికి మీ బాబాయ్ వసంతంలో పెంట తోలడు," అంది అమ్మ.

నా వైపు చూశాడు. నేను ముందుగా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అన్న ఒక పక్కనే నమలడం మొదలుపెట్టాడు. ఒక కుట్టు తెగి గడ్డం మీదికి రక్తం కారింది. అమ్మ గుడ్డ అందించి, గిన్నెలో ఇంకో ముక్క వేసింది.