ముప్పై అయిదు నిండిన ఆదివారం

మా ఆయన ఆన్సెల్మ్ ఫుట్‌బాల్ మైదానం నడిమధ్యలో ఆడేవాడు. పేపర్లో ఫొటోలు గోల్ కొట్టినవాళ్లవే పడేవి. ఆ బంతి వాళ్ల కాళ్ల దగ్గరికి ఎవరు చేర్చారో మా ఊరి మిల్లు కార్మికులకు తెలుసు.

ఇరవై నాలుగో ఏట ఆయన్ని పారిస్ క్లబ్బు అడిగింది. అక్కడికి వెళితే ఫ్రాన్సు జట్టు నీలం చొక్కా దక్కి ఉండేదే. కానీ ఆ రోజుల్లో ఆటగాడు ఒకసారి సంతకం పెడితే తనకు ముప్పై అయిదేళ్లు నిండేదాకా క్లబ్బు సొత్తు. మా క్లబ్బు అధ్యక్షుడు, బట్టలమిల్లు యజమాని వాకెట్, నోట్లోంచి సిగార్ తియ్యకుండానే తేల్చేశాడు.

"నా మిల్లులో మగ్గాలు నేను కదిలిస్తేనే కదుల్తాయి. నువ్వూ అంతే."

నేను పక్కనే ఉన్నాను. ఆన్సెల్మ్ టోపీ చేత పట్టుకుని "సరేనండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట పదకొండేళ్లయినా ఆరలేదు.

పందొమ్మిదివందల యాభై తొమ్మిది, మే నెల. ఆఖరి మ్యాచ్. ఓడితే క్లబ్బు రెండో డివిజన్‌కి పడిపోతుంది. అదే ఆదివారం ఆన్సెల్మ్‌కి ముప్పై అయిదు నిండాయి. వాకెట్‌కి ఆ ధ్యాసే లేదు. మగ్గం పుట్టినరోజు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"సంచి సర్దనా?" అని పొద్దున అడిగాను.

"వద్దు లూసీ. తెల్లచొక్కా ఇస్త్రీ చెయ్యి."

అంత సంబరంగా నేనెప్పుడూ ఇస్త్రీ చెయ్యలేదు.

స్టేడియం ఎదుట కఫేలో చికోరీ కాఫీ తాగుతూ కూర్చున్నాం. ఆట మొదలవబోతుండగా వాకెట్ రొప్పుతూ వచ్చాడు.

"ఏంటయ్యా, తమాషాగా ఉందా? పద, బట్టలు మార్చుకో!"

"ఇవాళ నా పుట్టినరోజండీ."

"అయితే? గెలిచాక కేకు కోద్దువుగాని లే!"

"ముప్పై అయిదు నిండాయండీ."

వాకెట్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. మా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని, మొదటిసారి మాతో సమానంగా కూర్చున్నాడు. "బాబ్బాబు, ఏం కావాలో అడుగు. ఊరి పరువయ్యా."

నా నోరు ఊరుకోలేదు. "పదకొండేళ్లు వెనక్కిచ్చెయ్యండి. మీ గోడౌన్‌లో ఉన్నాయేమో చూడండి."

"ఊరుకో లూసీ," అని ఆన్సెల్మ్ లేచాడు. స్టేడియం కౌంటర్లో రెండు టికెట్లు కొన్నాడు. సరిగ్గా వాకెట్ వెనక సీట్లు. ఎవరూ గుర్తుపట్టకుండా టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చున్నాడు.

మావాళ్ల బంతి నడిమైదానం దాటి ముందుకు పోతే ఒట్టు. మా మీద మొదటి గోల్ పడింది, తర్వాత రెండోది. జనం ఆట వదిలేసి వాకెట్ మీద పడ్డారు.

"ఆన్సెల్మ్ ఏడిరా? ఎక్కడమ్ముకున్నావ్?"

"నువ్వే దిగి ఆడరా, సిగారూ!"

నేను ఆట చూడలేదు. ఎర్రబడుతున్న వాకెట్ మెడను తనివితీరా చూశాను.

జారిపడిన గ్లవ్ తీసుకోవడానికి వంగినప్పుడు ఆన్సెల్మ్ కాళ్లు కనిపించాయి. అవి కుదురుగా లేవు. మావాళ్లకు బంతి అందినప్పుడల్లా ఆపుతున్నాయి, తిప్పుతున్నాయి, ఖాళీగా ఉన్నవాడికి పంపుతున్నాయి. ముఖం మాత్రం రాయిలా ఉంది. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను. అయినా ఆగలేదు.

క్లబ్బు కిందికి పడిపోయింది. ఆ సాయంత్రం వాకెట్ వెక్కివెక్కి ఏడ్చాడని ఊరంతా చెప్పుకున్నారు. ఏడవనీ. నాకది చాల్లేదు.