కుడికి జారే స్టిక్

వందన వీడియోగేమ్ కంట్రోలర్‌కు ఒక జబ్బుంది. వేలు తాకకపోయినా ఎడమ స్టిక్ దానంతటదే కుడికి జారుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్ననాటి నుంచీ అంతే. చదువుకున్నన్నాళ్లూ మోతీనగర్ ఇంట్లో దాంతోనే ఆడింది. బొమ్మ తిన్నగా నడవాలంటే బొటనవేలితో స్టిక్‌ను కాస్త ఎడమకు లాగిపట్టాలి. మొదట్లో తెలిసి లాగేది. పోను పోను ఆ సంగతే మరిచిపోయింది. వేలు మాత్రం మరవలేదు.

వందన కాకుండా ఆ జబ్బు సంగతి తెలిసినవాడు పృథ్వీరాజ్ ఒక్కడే. జూబ్లీహిల్స్ నిర్మాతగారబ్బాయి. ఆన్‌లైన్లో ఆమె చేతిలో ఓడి, పట్టుబట్టి మరీ స్నేహం చేసుకున్నాడు. శ్రీనగర్ కాలనీ గేమింగ్ కేఫ్‌లో ఒకరోజు ఆ కంట్రోలర్ చేతిలోకి తీసుకుని పకపకా నవ్వాడు.

"ఏంటిది వందనా, డొక్కు ఆటోలాగా పక్కకి లాగేస్తోంది? దీంతోనా నన్ను ఓడించింది?"

"ఆట వస్తే ఏదైతేంది?"

"పైగా ఒక స్టిక్కు పైన, ఒకటి కింద. రెండూ పక్కపక్కనుంటేనే అందం. ఇదేం డిజైన్?"

"బొటనవేలు ఆరామ్‌గ ఆనే జాగ పైననే. కింద పెట్టినోడు అందం చూసిండు, చెయ్యి చూడలే."

"అందరూ ఎదురుచూస్తున్న ఆ పెద్ద గేమ్ రిలీజవనీ, నీ సంగతి చెప్తా."

"ముందు రానియ్యి. మీ నాయిన సినిమా లెక్క తారీకు మారుతనే ఉన్నది."

ఫిల్మ్‌నగర్‌లో సినిమా గ్రాఫిక్స్ చేసే గీతిక కొత్తగా గేమ్ తయారుచేయిస్తోందని, ఆడి తప్పులు పట్టే టెస్టర్ ఒకరు కావాలని కబురు తెచ్చింది కూడా పృథ్వీయే. తనూ సరదాకి వస్తానన్నాడు. వందనకది సరదా కాదు. తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. ఇంజనీరింగ్ పాసై ఇంకా ఖాళీగా ఉంది. షూటింగుల్లో లైట్లు మోసే తండ్రి జంగయ్య, "మా బిడ్డకు ఫిల్మ్‌నగర్ల ఆఫీసు నౌకరి వస్తున్నది" అని యూనిట్ మొత్తానికి చాటింపు వేసుకున్నాడు.

స్టూడియో గుమ్మం దగ్గర ఆమె బ్యాగులోకి తొంగిచూసి పృథ్వీ నొసలు చిట్లించాడు.

"ఆ డొక్కుది బయటికి తీయకు తల్లీ. గీతికగారి ముందు పరువు పోతుంది. లోపల కొత్తవి ఉంటాయిగా."

వందన అద్దాల తలుపును చూసింది. కంట్రోలర్‌కు తాను చుట్టిన ఇన్సులేషన్ టేపును చూసింది. బ్యాగు జిప్పు మూసేసింది.

ఆటలో వీరుడు కోటగోడ మీద నడవాలి. వాళ్లిచ్చిన కొత్త కంట్రోలర్‌తో వందన నడిపింది. పదడుగులు వేయకముందే ఎడమవైపు కందకంలో పడ్డాడు. మళ్లీ నడిపింది. మళ్లీ ఎడమకే పడ్డాడు. ఇంకోసారి పడ్డాక గానీ అర్థం కాలేదు. కొత్త స్టిక్ ఎటూ జారడం లేదు, లాగుతున్నది తన వేలే. ఆపుదామంటే వేలు వినడం లేదు.

"రోజూ ఆడతానన్నావు కదమ్మా?" అంది గీతిక.

"ఆడతా మేడం. ఈ కంట్రోలర్ తోని..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే!"

గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా పృథ్వీ నవ్వాడు. ఒళ్లోని బ్యాగులోనే ఉంది ఆ ఓటి మద్దెల. తీసి, "దీంతో ఆడి చూపిస్తా" అందామని జిప్పు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది వందన. తర్వాత పృథ్వీ కూర్చున్నాడు. గోడ చివరిదాకా నడిచిపోయాడు.

బయటికొచ్చాక అన్నాడు, "నీ మంచికే చెప్పా వందనా. ఇలా అవుతుందని నాకేం తెలుసు?"

"నీకొక్కనికే తెలుసు."

"అబ్బా, సర్లే. వాళ్లు నన్ను జాయినవమంటున్నారు. నీకో కొత్త కంట్రోలర్ కొనిపెట్టనా?"

"వద్దు. మంచిదానితోని నాకు ఆడరాదు. చూసినవ్ గదా."

ఉద్యోగం రాలేదని ఫోన్‌లో విన్న జంగయ్య సాయంత్రం ఇంటికొచ్చేసరికి వందన పాత కంట్రోలర్‌తో ఆడుతోంది. పిల్లగోడ అంత సన్నటి దారిలో బొమ్మ గీత గీసినట్టు నడుస్తోంది. ఆయన టవలు భుజాన వేసుకుని, చాలాసేపు నిలబడే చూశాడు.

"ఒక్కసారి గూడ పడలే గద బిడ్డా," అన్నాడు. "మరి గాళ్లకింకేం కావాల్నంట?"

వందన బొటనవేలు స్టిక్‌ను కాస్త ఎడమకు లాగిపట్టే ఉంచింది.