సెలవుల్లో అమ్మ లేదు

పొద్దున్నుంచీ వంటామెకి పొయ్యి ముందు నుంచి కదిలే వీల్లేకపోయింది. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు. కాలేజీ సెలవులు వచ్చాయంటే ఆ అనాథ శరణాలయంలో పని రెట్టింపవుతుంది, జీతం మాత్రం పెరగదు. పరాయి దేశాల నుంచి కాలేజీ పిల్లలు సేవ చేయడానికి దిగుతారు. మంచి పిల్లలే. పోయిన సెలవుల్లో వచ్చినవాళ్లు నీలం వేసి వెళ్లిన గోడకే వీళ్లిప్పుడు పసుపు రంగు వేస్తున్నారు. గోడకి నోరుందా, వద్దనడానికి!

నోరున్న వంటామే ఏమీ అనలేకపోతోంది. మొగుడు పోయాక పసిపిల్లని చంకనేసుకుని వస్తే మేనేజరు ఆమెకి పనిచ్చాడు, పిల్లకి నీడ ఇచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు.

"తల్లి ఉన్న పిల్లకి చందాలెవరిస్తారమ్మా? ఆ సేవకొచ్చినవాళ్లున్నన్నాళ్లూ నువ్వు వంటామెవి, అంతే. పిల్ల నోరు జారిందా, ఇద్దరూ మూటాముల్లే సర్దుకోండి."

పిల్లకి ఆ పాఠం నేర్పింది తల్లే. ఆటలాగా నేర్పింది. "నీకు అమ్మ ఉందా?" అని తనే అడగడం, "లేదు" అంటే నోట్లో చిటికెడు పంచదార వేయడం. పగవాళ్లకి కూడా రాకూడదు అలాంటి పని. ఇక సెలవులు ముగిసేదాకా పిల్ల హాల్లో, తను వంటింట్లో. పలకరించే దిక్కులేక గిన్నెలతో మాట్లాడుకుంటూ ఉంటుంది.

ఆ మధ్యాహ్నం రంగు డబ్బా కాలికి తగిలి పిల్ల పెరట్లో బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది. కేక విని వంటామె గరిట గిన్నెలోనే వదిలేసి గుమ్మం దాకా పరుగెత్తింది. పిల్ల తల్లిని చూసింది. ఏడుపు దిగమింగి, మొహం తిప్పేసుకుని, రంగు వేస్తున్న ఒక విద్యార్థిని దగ్గరికి కుంటుకుంటూ పోయింది. ఆ అమ్మాయి పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. కన్నీళ్లు కూడా పెట్టుకుంది.

"పాపా... అమ్మ లేదా?" అంది వచ్చీరాని తెలుగులో.

"లేదు," అంది పిల్ల. అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు గుమ్మం వైపు చూసింది.

మేనేజరు గోడ దగ్గరే నిలబడి చూస్తున్నాడు. చూస్తే చూడనీ! వంటామె గుమ్మం దిగి వచ్చి చేతులు చాచింది.

"ఉంది. నేనే దీని అమ్మని. ఇలా ఇవ్వు తల్లీ, నా కూతుర్ని."

విద్యార్థిని బిత్తరపోయి మేనేజరు వైపు చూసింది. పిల్ల ఇంకా బిత్తరపోయింది. అమ్మ మరిచిపోయింది కాబోలు అనుకుంది పాపం. తనైనా గుర్తుంచుకోవాలిగా.

"కాదు, కాదు," అంటూ ఆ అమ్మాయి మెడని గట్టిగా కరుచుకుంది. "మా అమ్మ కాదు. వంటామె."

వంటామె చాచిన చేతులు దించలేదు.