నోరు విప్పని కంప్యూటర్

కోడలి గదిలోంచి "అయ్యో!" అని కేక వినగానే, వరండాలో చెప్పులు తుడుచుకుంటున్న మామగారు ఒక్క అంగలో లోపలికొచ్చాడు. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. కేక వినబడితే కాళ్లు వాటంతటవే లేస్తాయి.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"నాకు కాదు మామయ్యా, దీనికి. పెన్‌డ్రైవ్ చెరపబోయి కంప్యూటర్ మొత్తం చెరిపేశాను. ఏ డిస్కు చెరుపుతున్నానో అది పేరు చదివి వినిపించేలోపే ఎంటర్ కొట్టేశాను. నా తొందర తగలెయ్య!"

ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేయడం ఆమె ఉద్యోగం. తెర మీద ఏముందో కంప్యూటరే చెవిలో చదివి వినిపిస్తుంది. ఇప్పుడా గొంతు కూడా చెరిగిపోయింది. చేసిన పనంతా ఎప్పటికప్పుడు ఆఫీసుకు పంపేసింది కాబట్టి ఆ బెంగ లేదు. కానీ సిస్టం మళ్లీ ఎక్కించాలి. అది పూర్తయ్యేదాకా ఈ పాత మిషను నోరు విప్పదు. భర్త సాయంత్రానికి గానీ రాడు.

"మీరు చదవండి మామయ్యా, నేను నొక్కుతాను."

"నేనా? నా ఇంగ్లీషు రూటు బోర్డుల దగ్గరే ఆగిపోయింది తల్లీ."

"అక్షరాలు చెప్పండి చాలు."

సొరుగు తడిమి, సిస్టం ఎక్కించే సెటప్ ఉన్న మరో పెన్‌డ్రైవ్ తీసి గుచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే, మాట సగంలో ఉండగానే ఆమె పూర్తి చేసేది.

"కింద కుడిచేతి వైపు నెక్స్ట్ అని ఉండాలి. ఉందా?"

ఉంది. మరో తెర వచ్చింది. "మధ్యలో చిన్న గడి, పక్కన ఒక వాక్యం. ఉన్నాయా?" అవీ ఉన్నాయి. ఎన్నడూ చూడని తెరను, ఇదివరకు భర్త చదివి వినిపించిన గుర్తుతోనే, ఆమె తన వంటిల్లంత వివరంగా చెబుతోంది. కళ్లున్న ఆయనేమో వెతుక్కుంటున్నాడు.

డిస్కు ఎంచుకునే చోట మాత్రం రెండుసార్లు చదివించుకుని అప్పుడు నొక్కింది.

ఎంత శాతం ఎక్కిందో చూపే అంకెలు నింపాదిగా పెరిగాయి. మిషను ఆరిపోయి, మళ్లీ వెలిగింది. నల్లటి తెర మీద నీలం పరుచుకుంది.

"వచ్చేసిందమ్మా! కానీ ఉలకదు, పలకదు."

"సౌండుని నడిపే ప్రోగ్రాం, అదే డ్రైవర్, లేదు మామయ్యా, వెయ్యాలి."

"డ్రైవర్ లేకపోవడమేమిటి, నేను పక్కనే కూర్చుంటేను!"

పొద్దుటినుంచి మొదటిసారి ఆమె పకపకా నవ్వింది. ఆయన చదువుతుంటే డ్రైవర్ వేసి, తెర చదివే ప్రోగ్రాం ఎక్కించి, హెడ్‌ఫోన్ తగిలించబోయింది.

"ఆగమ్మా. ఇంత కష్టపడ్డాం, నన్నూ విననీ."

స్పీకరులోంచి ఒక గొంతు నెమ్మదిగా ఏదో చదివింది. ఆమె మెయిలు తెరిచి చకచకా ఏవో నొక్కింది. గొంతు వేగం పెరిగింది, ఇంకా పెరిగింది, చివరికి రేకుల మీద వడగళ్లు పడ్డట్టు టపటపమంది. ఒక్క ముక్క తెలియలేదాయనకు.

"ఇదేమిటి, పాడైందా?"

"లేదు, నేను రోజూ వినేది ఇలాగే."

"ఇదంతా నీకు అర్థమవుతుందా?"

"మీరిప్పుడు మాట్లాడుతుండగా అది మూడు మెయిళ్లు చదివేసింది. ఆఫీసువాళ్లు ఎక్కడున్నావంటున్నారు."

వేళ్లు కీబోర్డు మీద అప్పుడే పరుగందుకున్నాయి. వెళ్లి మిగతా చెప్పులు తుడుచుకోవాలని ఆయనకు తోచలేదు. నోరు తెరుచుకుని, ఆ వడగళ్ల వానలోనే కూర్చుండిపోయాడు.