రాత్రంతా తిరగాల్సిన ఫ్యాను

బావమరిది బసవపున్నయ్య మాటలు నమ్మదగ్గవి కావని పేరయ్యకు ముందే తెలుసు. తెలిసీ దిగాడు. కడుపుమంటంతా అదే. మంగళగిరిలో ట్రావెల్స్ నడుపుకునే ఆ పెద్దమనిషి, తోడబుట్టిన అక్క మొగుడన్న మొహమాటం కూడా లేకుండా, ఇల్లులాంటి ఒక పాత కారవాన్ బండి అంటగట్టి రోడ్డు వార చేను రాయించుకున్నాడు. వాడరేవు సముద్రం ఒడ్డున సినిమా షూటింగులు ఆగవన్నాడు, ఎలక్షన్లొస్తే నాయకులు ఇంటికొచ్చి మరీ అడుగుతారన్నాడు, కాలు మీద కాలేసుకుని కూర్చో బావా అన్నాడు. ఏడాది తిరిగింది. ఆ బండిని అద్దెకడిగిన నాథుడు లేడు. పేరయ్య ఊళ్ళో వాళ్ళ ట్రాక్టరు కూలికి తోలుతున్నాడు. బండి ఇంటి ముందు దిగాలుగా నిలబడి ఉంది.

అయితే ఆయన ఆ బండి తీసుకున్నది అద్దెల కోసమేనా అంటే, కాదు. ఏడో తరగతిలో బడి మానేసి మిరపకాయ లారీల మీద గుంటూరు యార్డుకి పోయే రోజుల్లో, టిక్కీల బస్తాల మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసుకుంటూ పోయేవాడు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ ఆగడం, అక్కడే వండుకుని తిని పడుకోవడం. ఆ సుఖం తర్వాత మళ్ళీ దొరకలేదు. పెళ్ళయ్యాక చేను పట్టేసింది. భార్య కోటేశ్వరిని కోటప్పకొండ తిరునాళ్ళ దాటి ఎక్కడికీ తీసుకుపోలేదు. ఈ బండిలో మంచం ఉంది, పొయ్యి ఉంది, బుల్లి ఫ్రిజ్జు ఉంది, తల దగ్గర ఫ్యాను ఉంది. కోటేశ్వరిని ఎక్కించుకుని శ్రీశైలమో రామేశ్వరమో పోతున్నట్టు ఎన్నిసార్లు అనుకున్నాడో.

కోటేశ్వరి ఎక్కలేదు. చేను రిజిస్ట్రేషనైన రోజు నుంచీ ఆమె నోటి వెంట మాట కరువైంది. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, అంతే. వేసవి మొదట్లో ఒక్క రాత్రి మాత్రం, ఏమనుకుందో, దిండు చంకన పెట్టుకుని వచ్చి బండిలో పడుకుంది. పేరయ్య పెళ్ళినాటి రాత్రిలా ఊపిరి బిగబట్టుకుని పక్కకి జరిగాడు. నడిరేయి కాకుండానే ఫ్యాను మూలిగి ఆగిపోయింది. దోమలు ముసురుకున్నాయి. కోటేశ్వరి లేచి దిండు తీసుకుంది.

"రాత్రంతా ఫ్యాను తిరిగిననాడు చెప్పు. అప్పుడొస్తా" అని మెట్టు దిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

దెప్పిపొడుపుకే అని ఉండొచ్చు. పేరయ్య మాత్రం ఆ మాటను ముడుపులా దాచుకున్నాడు. రాత్రంతా ఫ్యాను తిరిగితే వస్తుంది. వస్తానంది.

అక్కణ్ణుంచి ఆ బ్యాటరీల వెనక పడ్డాడు. చచ్చిన బ్యాటరీలు పెట్టి పంపాడని బసవపున్నయ్యను తిట్టుకుంటూనే మంచం కిందనుంచి రెండింటినీ బయటికి లాగాడు. టెర్మినల్స్ మీద తెల్లగా పూసిన చిలుము వేణ్ణీళ్ళతో కడిగి గ్రీజు రాశాడు. డిస్టిల్డ్ వాటర్ పోశాడు. ఫ్రిజ్జు తీగ పీకేశాడు. ఎక్కడో ఊరికే కరెంటు కారిపోతోందేమోనని ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇంజను ఆన్ చేసి ఉంచితే చార్జింగ్ ఎక్కుతుంది గానీ, ఊరికే తాగించడానికి డీజిలు ఎవడబ్బ సొమ్మని? చీకటి పడ్డాక పొలం నుంచి రాగానే టార్చిలైటు పట్టుకుని వెనక నిచ్చెన ఎక్కి, పైకప్పు మీది సోలార్ పలకలు తుడిచేవాడు. తుడిచిన గుడ్డతో మొహం తుడుచుకుంటే కళ్ళు భగ్గుమనేవి. ఈ కాలంలో ఊరి గాలే అంత, ఎక్కడ చెయ్యి పెట్టినా కారమే అనుకున్నాడు.

ఫ్యాను మాత్రం ఏ రాత్రీ తెల్లారేదాకా తిరగలేదు. అది ఆగిన ప్రతిసారీ మెలకువ వచ్చేది. కిటికీలోంచి చూస్తే ఇంటి వసారాలో కోటేశ్వరి మంచం కనిపించేది. పిలిస్తే వినపడేంత దూరమే. ఏమని పిలుస్తాడు?

చివరికి బ్యాటరీలను అద్దంకిలో షఫీక్ బ్యాటరీల కొట్టుకు తీసుకుపోయాడు. షఫీక్ వాటిని నిండా చార్జి చేసి, ఒక రాత్రి లోడు పెట్టి చూసి, మర్నాడు టీ తాగుతూ తేల్చేశాడు.

"బంగారంలా ఉన్నయ్ అన్నా. మీ బావమరిదిని ఇంకోదానికి తిట్టుకో."

"మరి తెల్లారేదాకా ఎందుకు నిలవదయ్యా?"

"తోడుకోవటమేగానీ పోసేవాడు లేడు. మిట్టమధ్యాహ్నం ఆ పలకలు ఏం చేస్తన్నయ్యో ఎప్పుడన్నా చూశావా?"

చూడలేదు. పొద్దు పొడవకముందే ట్రాక్టరు మీద పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఎండలో ఆ బండి మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

మూడో నాడు ట్రాక్టరు హైడ్రాలిక్ పైపు పగిలింది. పేరయ్య మండే ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. బండి వెనక నిచ్చెన కింద కోటేశ్వరి చెప్పులు ఉన్నాయి.

బండి గడప తొక్కనని మొండికేసిన మనిషి చెప్పులు. చప్పుడు చెయ్యకుండా నిచ్చెన ఎక్కాడు. పైన, ఈ చివర నుంచి ఆ చివరకు పాత చీరలు పరిచి ఉన్నాయి. వాటి నిండా ఎర్రగా మిరపకాయలు. పలకలనేవి ఉన్నట్టే లేదు. నెత్తిన కొంగు కప్పుకుని, మోకాళ్ళ మీద కూర్చుని కోటేశ్వరి కాయలు తిరగేస్తోంది.

ఆయన్ని చూసి ఉలిక్కిపడింది. దొరికిపోయినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"కాయ ఆరబోయను కళ్ళం లేదుగా మనకి" అంది. "ఈ నల్ల రేకులు బాగా కాగుతయ్. మూడు రోజులకే గలగలమంటన్నయ్ కాయలు. రాత్రి చెమ్మ తగలకుండా పొద్దుగూకే లోపు ఎత్తేసుకుంటన్నా."

"ఎక్కడియి?"

కోటేశ్వరి తల వంచుకుంది. తర్వాత చెప్పింది. చేను బసవపున్నయ్య కౌలుకిచ్చాడు. కౌలుదారు వెంకయ్య ఆఖరి కోత కోయించి వదిలేశాడు. మిగిలిపోయిన కాయ ఏరుకోనిస్తారు గదా ఎవరినైనా. ఊళ్ళో ఆడవాళ్ళతో పాటు ఆమె కూడా, వేసవి ముదరకముందు నుంచే, ఒడి కట్టుకుని పోతోంది. ఆయన ట్రాక్టరు తోలుకుంటూ అటు రాడని చూసుకుని మరీ పోతోంది. తమ చేలో తామే పరిగె ఏరుకుంటున్నట్టు తెలిస్తే ఆయన అన్నం తినడని భయం.

పేరయ్య పైకప్పు అంచున కూలబడ్డాడు. ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నలిపాడు. విత్తు గట్టిగా, తొక్క పలచగా, వాళ్ళ చేను కాయే.

"ఇవి రేకులు కాదు కోటేశ్వరీ. ఎండ తాగి కరెంటిచ్చే పలకలు. వీటికి ఎండ తగిలితేనే ఫ్యాను తిరుగుద్ది."

ఆమెకు అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. గబగబా చీర నాలుగు చెంగులూ కూడదీసుకోబోయింది. పేరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. ఎండినాకే తీద్దాం."

"ఇన్నాళ్ళూ చెప్పకుండా ఉన్నావేందయ్యా."

"నువ్వు అడిగితేగా."

ఆమె పెదవుల మీద నవ్వు లాంటిదేదో కదిలింది. పేరయ్య ఆమెకు ఎదురుగా కూర్చుని కాయలు తిరగేయడం మొదలుపెట్టాడు. చీర మీద నాలుగు చేతులు, చాలా కాలానికి. ఇవి ఎత్తేస్తే, రెండెండలు తగిలితే చాలు, తెల్లారేదాకా తిరుగుతుంది. ఇక ఆమె వస్తుంది. ఎక్కడికి పోదామని అడిగాడు. శ్రీశైలం అన్నాడు, రామేశ్వరం అన్నాడు, డబ్బుల సంగతి నాకొదిలెయ్యి అన్నాడు.

కోటేశ్వరి చేతులు దులుపుకుని కళ్ళు చికిలించి దూరంగా చూసింది. అక్కణ్ణుంచి చేను కనపడుతుందని పేరయ్యకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆమెకు తెలుసు.

"అంత దూరం ఎందుకయ్యా. బండి మన చేలో పెట్టు. ఒక్క రాత్రి ఆడ పడుకుని, వెంకయ్య రాకముందే లేచి వచ్చేద్దాం."

పేరయ్య జేబులోంచి ఫోను తీశాడు. బసవపున్నయ్య పేరు దాకా వచ్చి వేలు ఆగింది. వాడు ఒప్పుకుంటాడు, నవ్వుతూ ఒప్పుకుంటాడు, బావా నీ చేను కాదా అని కూడా అంటాడు. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. కోటేశ్వరి ఇంకా అటే చూస్తోంది. ఆయనా చూశాడు. కాయ కోసేసిన మిరప మోళ్ళు ఎండలో నిలబడి ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కాయితంలో రాసినట్టే తూర్పున డొంక, పడమర కాలవ, ఉత్తరాన అద్దంకి రోడ్డు, దక్షిణాన వెంకయ్య సొంత చేను. నడుమ ఎకరం నలభై రెండు సెంట్లు.