చల్లారని జాడీ

దహనశాల కిటికీ రోజూ పదకొండింటికి తెరుచుకుంటుంది. కాపరి వేడి బూడిద ఉన్న జాడీని గుడ్డతో పట్టుకుని అందిస్తాడు, అవతలివాళ్లు రెండు చేతులా తీసుకుంటారు, అందరూ ఓ రెండు నిమిషాలు ఊరికే నిలబడతారు. బూడిద తనవాళ్ల చేతికి చేరితేనే చల్లారుతుంది కదా. అలా చల్లారాకే రిజిస్టర్లో సంతకం పెట్టించుకోవాలన్నది చట్టం.

ముప్పై ఏళ్లలో కాపరి చట్టం తప్పింది ఒక్కసారే. ఆ రోజు పోస్టుమాస్టరుతోపాటు తన భార్యని కూడా తన చేత్తోనే ఫర్నేసులోకి పంపాల్సి వచ్చింది. కిటికీ తెరవబుద్ధి కాలేదు. ఒక జాడీ బండివాడితో పోస్టుమాస్టరు ఇంటికి పంపేసి, ఇంకోటి పట్టుకుని మేడ మీది తన గదికి వెళ్లిపోయాడు.

నలభై రోజులైనా పోస్టుమాస్టరు ఇంట్లో జాడీ చల్లారలేదు. బల్ల మీద పెడితే బల్ల మాడింది, నేల మీద పెడితే గచ్చు బీటలు వారింది. ఉన్నన్నాళ్లూ ముక్కు మీద కోపమే, పోయాక కూడా ఇదేం మొండితనమని ఆయన భార్య టీచరమ్మ దాన్ని కసురుకునేది. ఒక మధ్యాహ్నం లోపల ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు చప్పుడైంది. అందులో ఉన్నది ఆయన కాదేమోనని ఆవిడ వెళ్లి ఫిర్యాదు రాసిచ్చింది.

ఇన్‌స్పెక్టరు సోదా వారెంటుతో వచ్చాడు. తన మనిషిని గుర్తుపట్టాల్సింది టీచరమ్మే కాబట్టి ఆవిడ కూడా జాడీని తువ్వాల్లో చుట్టుకుని వచ్చింది. వారెంటులో రాసినవి ఫర్నేసు గది, జాడీల గది, అంతే. గడువు సాయంత్రం ఆరింటిదాకా. ఒకరి బూడిద ఇంకొకరికి ఇచ్చినట్టు తేలితే లైసెన్సు పోతుంది, దాంతోపాటు మేడగది కూడా పోతుంది. కాపరికి వేరే పని రాదు, వేరే నీడ లేదు.

జాడీల గదిలో ఎవరూ తీసుకెళ్లనివి ఇరవై దాకా ఉన్నాయి. గోడలకి చెమట పట్టి ఉంది. టీచరమ్మ ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి, కాదని ముందుకి జరిగేది. ఆవిడ చెయ్యి తీసేయగానే జాడీ చిన్నగా మూలిగేది. ఇన్‌స్పెక్టరు వినీ విననట్టు నంబర్లు రాసుకున్నాడు.

మేడ మీద తలుపు రంగు పొక్కులెక్కి ఉంది. ఇన్‌స్పెక్టరు చెయ్యి ఆనించి చప్పున తీసేశాడు. తెరవమంటే కాపరి తెరవనన్నాడు. వారెంటులో లేని గది, బలవంతం చేయడానికి లేదు.

కాపరికి లైసెన్సు కన్నా సిగ్గే ఎక్కువ. భార్య తన చేతిలో చల్లారలేదు. నువ్వు నా మనిషివి కావని ఆవిడ మొహం మీదే చెబుతున్నట్టుంది. ఈ నలభై రోజులూ ఆ జాడీ ముందు కూర్చుని ఎప్పటెప్పటి తప్పులో ఒప్పుకున్నాడు, కాళ్లావేళ్లా పడ్డాడు. నలుగురికీ తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి?

అయిదున్నరకి ఇన్‌స్పెక్టరు కింద జాడీల గదికి సీలు వేస్తున్నాడు. టీచరమ్మ అరిచేతులు బొబ్బలెక్కాయి. కాస్త పట్టుకోమని కాపరికి జాడీ ఇచ్చి, చేతులు తడుపుకోవడానికి మేడ మీదే ఓ మూలనున్న కుళాయి దగ్గరికి వెళ్లింది.

అతని చేతుల్లో జాడీ చల్లారిపోయింది.

కాపరి అటూ ఇటూ కళ్లు తిప్పాడు. ఎవరూ చూడలేదు. నోరు మూసుకుని ఆ జాడీ ఆవిడకి ఇచ్చేస్తే చాలు, సంతోషంగా ఇంటికి వెళ్తుంది. ఇంకో అరగంటలో వారెంటు కూడా చెల్లకుండా పోతుంది.

టీచరమ్మ వచ్చి జాడీని తాకి చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మయ్య! ఆయన కోపం తీరింది అన్నయ్యా."

కాపరి జాడీ వదల్లేదు. ఆవిడ లాగినా వదల్లేదు.

"ఈవిడ మా ఆవిడమ్మా. మీ ఆయన పైన ఉన్నారు," అన్నాడు. తర్వాత కిందికి వినబడేలా, "ఇన్‌స్పెక్టరు గారూ, తలుపు నేనే తీస్తున్నాను, రాసుకోండి," అన్నాడు.

మేడగదిలోని జాడీ టీచరమ్మ చేతికి అందగానే చల్లారింది. ఆవిడ దాన్ని గుండెలకి హత్తుకుంది. ఇన్‌స్పెక్టరు గోడకి వేలాడుతున్న లైసెన్సు దించి సంచిలో పెట్టుకున్నాడు. పొద్దున్నకల్లా గది ఖాళీ చేయాలని మెల్లగా చెప్పాడు.

కాపరి భార్య జాడీని చంకన పెట్టుకుని అప్పుడే బయల్దేరాడు. గేటు దగ్గర టీచరమ్మ ఆపింది.

"ఎక్కడికి వెళ్తారు అన్నయ్యా?"

"తెలీదమ్మా. ఉన్నది ఇద్దరమే కదా, ఎక్కడో ఓ చోట సర్దుకుంటాం."