జానెడు దూరం

పొద్దున లేవంగనే మోతీబాయి గోరీకి వంటింట్ల గట్క పెట్టి, ఇంటెనక కొట్టంలకు పోయి దాని తోకకాడ ఊడ్చి వస్తది. గోరీ పొట్టికాళ్ల డాష్‌హౌండ్ కుక్క. మూతి వంటింట్ల ఉంటే తోక కొట్టంల ఉంటది. కొన్నప్పుడు గింత పొడుగు లేకుండె. ఈనిన పిల్లలు అమ్ముడువోయి ఒకటి రేగొండకు, ఒకటి జనగామకు పోతుంటే, పోయిన ఒక్కో పిల్లకు తల్లి జానెడు సాగుకుంట వచ్చింది. పిల్ల దూరమైతే తల్లి సాగదా మరి, అనుకున్నరు తండావాళ్లు. గోడకు ఇంకో కంత కొట్టిచ్చిండు మోతీబాయి మొగడు రాంజీ, అంతే.

కాకుంటే ఢావ్లో పాడి పంపాలె. లంబాడోళ్ల పెండ్లిల పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు మెడలు పట్టుకొని ఏడ్చే పాట అది. మోతీబాయికి పిల్లలు కాలేదు. తిరగని దవాఖాన లేదు, మొక్కని దేవుడు లేడు. తోలడానికి బిడ్డ లేకపాయె, కుక్కపిల్లలనే ఒళ్లె పెట్టుకొని పాడేది. కొనవచ్చినోళ్లు మోటరుసైకిల్ మీద కూసొని పాట అయిపోయేదాంక ఆగేటోళ్లు. ఒకసారి తొందరల పాడకుండ ఇచ్చింది. ఆ సారి గోరీ వెంట్రుకంత గూడ సాగలే.

మొన్నటి వానకాలం కుక్కలకు పార్వో రోగమొచ్చి కొట్టం ఊడ్చిపెట్టింది. గోరీ మిగిలింది, దాని కడగొట్టు పిల్ల మంగ్లీ మిగిలింది. ఏం బుగులు వట్టిందో గని గోరీ ఆ పిల్లను దగ్గరికి రానియ్యలే. మోతీబాయే మేకపాలల్ల దూది ముంచి తాపి, కొంగుల కట్టుకొని పండి బతికిచ్చుకున్నది. గోరీకి అప్పటి సంది చీకటంటే భయం. తోక మీద మోతీబాయి చెయ్యి లేకుంటే చీకట్ల అడుగు పెట్టదు.

ఆ రోజు జనగామ నుంచి ఉపేందర్ మల్ల వచ్చిండు. సెల్‌ఫోన్ల దుకాణం ఆయనది. మంగ్లీ కోసం తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్నడు.

“జర ఆలోచన చెయ్యక్కా. మా పాప రోజు అడుగుతంది.”

“అడగనియ్యి తమ్మీ. ఇది అమ్మే పిల్ల కాదు,” అన్నది మోతీబాయి, కొంగుల ఉన్న పిల్లను ఇంకింత దగ్గరికి గుంజుకుంట.

గప్పుడే పక్క చేను సోమనర్సయ్య ఉరికొచ్చిండు. “రాంజీ దిగిన బావి కూలింది,” అన్నడు.

ఎండిన బావిల పూడిక తీద్దామని పొద్దున్నే దిగిండు రాంజీ. అందరు పోయి చూస్తే బావి నోరంత మట్టే. పక్కన ఏదుపంది తవ్విన బొక్కల నుంచి ఆయన గొంతు సన్నగ వస్తంది, ఊపిరాడ్తలేదని. జేసీబీ పెడితే మిగిలిన గడ్డ గూడ ఆయన మీదనే పడ్తది. చేతులతోని తవ్వితే పొద్దు గూకుతది. అప్పటిదాంక ఆయనకు గాలేది? పంచరు దుకాణం గాలి మిషను తెచ్చి, డ్రిప్పు పైపు బొక్కల దోపిన్రు. బొక్క వంక తిరిగినకాడ తట్టుకొని ఆగింది. ఎన్నిసార్లు దోపినా గంతే.

మోతీబాయి గోరీని తోలుకొచ్చింది. మూతి బావికాడికి చేరినా తోక ఇంకా మిరపచేన్లనే ఉండె. పైపు కొన నోట కరుసుకొని గోరీ బొక్కల దూరింది. పొయ్యేకొద్ది పోయింది. కడకు తోక గూడ లోపటికి పోతే, మోతీబాయి బోర్ల పండి, భుజం దాంక కుడి చెయ్యి పెట్టి పట్టుకున్నది. అక్కడ ఆగింది గోరీ.

“మూతి కనవడ్తంది,” అన్నడు రాంజీ లోపట్నుంచి. “జానెడు తక్కువుంది. నడుము దాంక మట్టిల ఉన్న, నాకందదు.”

తోక ఇడిచి చూసింది మోతీబాయి. గోరీ ఎనక్కు రావట్టింది. మల్ల పట్టుకున్నది.

“ఏమయ్యా,” అని పిలిచింది. లోపట్నుంచి దగ్గొక్కటే వచ్చింది. ఆయన లేకుంటే తను బతికి ఏం చెయ్యాలె? జానెడు. జానెడంటే ఒక్క పిల్ల.

“తమ్మీ, మంగ్లీని తీస్కపో,” అన్నది.

“ఇప్పుడేందక్కా గీ మాట?” అన్నడు ఉపేందర్.

“పాట ఒడిశినంక నిలవడకు. రేపు నేనొచ్చి కాళ్లు మొక్కినా మల్ల ఇయ్యకు.”

ఒక చెయ్యి బొక్కల, ఒక చెయ్యి పిల్ల మెడ మీద, మట్టిల మొఖం పెట్టి పాడింది. నిన్ను కనకపోతి బిడ్డా, దూదితోని పెంచుకుంటి, ఇయ్యాల పరాయి గడపకు తోలుతున్న అనుకుంట. సోమనర్సయ్య గడ్డపార పక్కకు పెట్టి నిలవడ్డడు. పాట అయింది. ఉపేందర్ పిల్లను అంగీల పెట్టుకొని, ఎనక్కు చూడకుండ పోయిండు.

మోతీబాయి గోరీ సాగుతదని చూసింది. సాగలే. ఎట్ల సాగుతది, అది ఎప్పుడో వద్దనుకున్న పిల్లాయె. ఇగ అయిపోయింది, రెండు తీర్ల ఆగమైపోతినని మోతీబాయి బోరుమన్నది.

గప్పుడు ఆమె భుజంల ఎముక కలుక్కుమన్నది. బొక్క మూతికాడ భుజం ఉన్నట్లే ఉన్నది, చెయ్యి మాత్రం లోపటికి జరిగింది. చెయ్యితోని తోక జరిగింది, తోకతోని గోరీ జరిగింది. కొంచెం సేపటికి లోపట్నుంచి రాంజీ పైపు గుంజిండు. సోమనర్సయ్య మిషను చాలు చేసిండు.

పొద్దుగూకే యాళ్లకు రాంజీని బయటికి తీసిన్రు, పాణంతోని.

తర్వాత కొన్ని దినాలకు మోతీబాయి జాకెట్ కుట్టిచ్చుకునేటందుకు నర్సింహులపేట పోయింది. అక్కడ గట్టమ్మ కొత్తగ కుట్టు దుకాణం పెట్టింది, ఈమెను ఎన్నడు చూసినామె కాదు. ఎడమ చెయ్యి కొలిచింది, కుడి చెయ్యి కొలిచింది, మల్లొకసారి కుడి చెయ్యి కొలిచింది.

“బిడ్డను ఏ ఊరికిచ్చినవక్కా?” అని అడిగింది.

“జనగామకు,” అన్నది మోతీబాయి.